స్టేటస్‌లో వాక్యం సరే... కామెంట్‌లో మాటేంటి?

ఆదివారం. పొద్దున ఆరింటికే ఫోన్ తీసి వాట్సప్ స్టేటస్‌లో ఒక వాక్యం పెట్టారు. వెనకాల సూర్యోదయం ఫొటో. తొమ్మిదింటికి చీరాలలో ఆరాధన. క్వయర్‌లో కీబోర్డు మీదే. మధ్యాహ్నం అమ్మ వండిన కోడికూర తిని, నలుగురు స్నేహితులతో వాడరేవు ఒడ్డుకెళ్లారు. ఇసుకలోకి లాగిపెట్టిన పడవల పక్కన ఒక రీల్ తీశారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎవరో మీ విశ్వాసం గురించి వెటకారంగా ఒక వీడియో పెట్టారు. దాని కింద వందల కామెంట్లు. రక్తం ఉడికిపోయింది. మీరూ ఒకటి రాశారు. రాసింది మాత్రం వాక్యం కాదు!

రాత్రి పదింటికి ఇంటర్‌లో మీతో చదివిన హిందూ స్నేహితుడి మెసేజ్: ‘ఏరా, పొద్దున స్టేటస్ పెట్టింది నువ్వే కదా? మరి ఆ కామెంట్ రాసిందెవర్రా?’

ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేక ఫోన్ పక్కన పెట్టేసిన రాత్రి మీకూ ఉండొచ్చు. క్రైస్తవ కుటుంబంలో పుట్టినా, సొంతంగా నమ్మకంలోకి వచ్చినా, ఈ తరానికి ఎదురవుతున్న కొత్త పరీక్ష ఇది. తాతల కాలంలో ‘సాక్ష్యం’ అంటే సంఘంలో లేచి నిలబడి చెప్పే మాట. విన్నవాళ్లు యాభై మంది. వాళ్లందరికీ మనం తెలుసు. ఇప్పుడు మనం చెప్పే మాట ఎవరు వింటున్నారో మనకే తెలియదు. ఏళ్లు గడిచినా చెరగదు. అందుకే విశ్వాసాన్ని ఫోన్‌లో ఎలా బతకాలి అన్నది చర్చికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. మీ స్నేహాలకు, చదువుకు, రేపటి ఉద్యోగానికీ సంబంధించింది.

దీపం చూపించాలా... తలుపేసుకోవాలా?

బైబిల్లో మత్తయి సువార్త 5, 6 అధ్యాయాలు పక్కపక్కనే ఉంటాయి. మొదటి దాంట్లో వెలిగించిన దీపాన్ని మూసిపెట్టొద్దంటాడు యేసు. రెండో దాంట్లో దానం చేసినా, ప్రార్థన చేసినా, ఉపవాసం ఉన్నా నలుగురికీ కనిపించడానికి చేయొద్దంటాడు. గదిలోకెళ్లి తలుపేసుకోమంటాడు. ఇంతకీ చూపించాలా, దాచుకోవాలా?

రెంటినీ కలిపి చదివితే తేడా తెలుస్తుంది. దీపం వెలిగేది ఎదుటివాళ్లకు దారి కనబడటానికి. తనను చూడమని కాదు. వాడరేవులో లైట్‌హౌస్ ఉంది కదా. రాత్రిపూట వేటకెళ్లిన పడవ ఆ వెలుగు చూసి ఒడ్డు ఎటుందో పోల్చుకుంటుంది. ఏ సరంగూ లైట్‌హౌస్ అందం చూస్తూ కూర్చోడు.

మీ పోస్టుకూ ఇదే కొలత. ‘దీనివల్ల దారి దొరికేది ఎవరికి?’ అని ఒక్కసారి అడగండి. పరీక్ష తప్పి కుంగిపోయిన రోజు మీరెలా లేచి నిలబడ్డారో రాస్తే, అదే దశలో ఉన్న ఇంకొకరికి అది పనికొస్తుంది. కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నట్లు నాలుగు టేకులు తీసి, బాగా వచ్చింది ఎంచి పెడితే? అందులో కనబడేది మీ ముఖమే. మోకాళ్ల మీద ఉన్నప్పుడు చేతిలో కెమెరా ఉంటే మనసు ఎటు తిరుగుతుందో మీకు తెలియనిది కాదు.

అలాగని ఏమీ పెట్టొద్దని కాదు. ఇటలీకి చెందిన కార్లో అకుటిస్ అనే కుర్రాడి గురించి వినే ఉంటారు. 1991లో పుట్టాడు. కంప్యూటర్లంటే ప్రాణం. క్యాథలిక్కులు నమ్మే దివ్యసత్ప్రసాద అద్భుతాల వివరాలు ఒక్కచోట చేర్చి వెబ్‌సైట్ తయారు చేశాడు. 2006లో పదిహేనేళ్లకే లుకేమియాతో చనిపోయాడు. 2025 సెప్టెంబరు 7న పోప్ 14వ లియో అతణ్ని పునీతుడిగా ప్రకటించారు. ఈ అబ్బాయిలో గమనించాల్సినవి రెండు. ఒకటి, ఆ వెబ్‌సైట్ తన గురించి కాదు. రెండోది, వీడియో గేములంటే ఇష్టమున్నా వారానికి గంట మాత్రమే అని తనకు తనే గిరి గీసుకున్నాడు. చేతిలోని యంత్రాన్ని వాడటమే కాదు, పక్కన పెట్టడమూ వచ్చు. మీరు ఏ సంఘానికి చెందినవారైనా సరే, ఈ రెండూ పనికొస్తాయి.

అంకెల దగ్గర ఒంగోలు చెప్పే పాఠం

‘మా యూత్ పేజీకి పదివేల మంది ఫాలోవర్లు రావాలి.’ యవ్వనస్థుల కూటాల్లో ఇప్పుడు తరచూ వినిపించే కోరిక ఇది. అంకెలు చెడ్డవేం కావు. కానీ వాటిని ఎలా సంపాదిస్తున్నామన్న దగ్గరే తిరకాసు. దీనికి దూరం వెళ్లక్కర్లేదు. మన జిల్లాల్లోనే ఒక చరిత్ర ఉంది.

1876-78 మధ్య మద్రాసు రాష్ట్రాన్ని భయంకరమైన కరవు కమ్మేసింది. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున పనిచేస్తున్నవారు జాన్ క్లౌ. ఆకలితో చచ్చిపోతున్న జనానికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నారు. చీరాల నుంచి దక్షిణంగా వెళితే వచ్చే పెదగంజాం దగ్గర మొదలై చెన్నై దాటి సాగే కాలువ అదే. వేలమంది ఆ మట్టి మోసి ప్రాణం నిలబెట్టుకున్నారు. వారిలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. చేతిలో కూలి, గింజలు పంచే అధికారం ఉన్నంతకాలం వచ్చేవాళ్లు అన్నం కోసం వస్తున్నారో, నమ్మకంతో వస్తున్నారో తేల్చడం కష్టం అనుకున్నారు. ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. సహాయ పనులు ముగిశాక, ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని చెప్పాక కూడా జనం వెళ్లలేదు. అప్పుడు 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ అంకె ఇవాళ్టికీ చెప్పుకొంటున్నారు. దాని వెనక ఉన్న పదిహేను నెలల ‘ఆగడం’ గురించి చెప్పుకొనేది తక్కువ. ఆకలితో ఉన్నవాడి దగ్గర అంకె తీసుకోకపోవడమే అసలు పాఠం.

ఇప్పుడు మన ఫోన్‌లోకి వద్దాం. తుపాను వచ్చింది. మీ యూత్ గ్రూప్ బియ్యం, దుప్పట్లు పంచింది. చాలా మంచి పని. కానీ దుప్పటి అందుకుంటున్న ముసలమ్మ ముఖం క్లోజప్‌లో, వెనక పాటతో రీల్‌గా ఎందుకు రావాలి? ఆవిడ ‘వద్దు బాబూ’ అనగలదా? అంటే దుప్పటి ఇస్తారో ఇవ్వరోనన్న భయం ఉండదా? డబ్బులిచ్చిన దాతలకు లెక్క చూపించాలి, నిజమే. రసీదులు, సామాన్ల ఫొటో, ఎన్ని కుటుంబాలకు ఇచ్చామన్న వివరం చాలు. ముఖాలు అక్కర్లేదు. పిల్లలవీ, జబ్బుపడ్డవాళ్లవీ అసలే వద్దు.

సాక్ష్యం చెప్పండి... మాత్ర మాన్పించకండి

‘ప్రార్థనతో నయమైంది’ అన్న వీడియోలు తెలుగులో కోకొల్లలు. మీకో, మీ ఇంట్లోవాళ్లకో కలిగిన అనుభవం చెప్పుకొనే హక్కు మీకుంది. కానీ ఒక్క వాక్యం దగ్గర ప్రాణాలే పోవచ్చు. ‘మందులు మానేశాను’ అన్న వాక్యం అది. టీబీ ఉన్నవాళ్లు సాధారణంగా కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, మీ వీడియో చూసి ఆపేస్తే జబ్బు మందులకు లొంగని స్థితికి ముదిరే ప్రమాదం ఉంది. మూర్ఛ, షుగర్, బీపీ మందులూ అంతే. చెప్పకుండా ఆపేస్తే మీదికొస్తుంది.

మన ప్రాంతపు క్రైస్తవ చరిత్రలో ప్రార్థన, వైద్యం ఎన్నడూ శత్రువులు కావు. అన్నా కుగ్లర్ అనే వైద్యురాలు 1883లో గుంటూరు వచ్చారు. మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికి ఆడవాళ్లు జంకే రోజుల్లో వాళ్ల కోసం పనిచేశారు. ఆమె పెట్టిన ఆసుపత్రి 1898లో మొదలై, తర్వాత ఆమె పేరుతోనే నిలిచింది. ఆవిడ మోకాళ్లూ వంచారు, స్టెతస్కోపూ పట్టారు. మీ సాక్ష్యం వీడియోలో చివర ఒక మాట కలపండి: ‘డాక్టర్ చెప్పే వరకు మందులు ఆపకండి.’ దానివల్ల మీ విశ్వాసం ఏమీ తగ్గిపోదు.

కామెంట్ల యుద్ధంలో గెలిచేదెవరు?

మొదట చెప్పిన రాత్రి దగ్గరికి వద్దాం. ఎవరో మీ నమ్మకాన్ని ఎగతాళి చేశారు. ఏం చేయాలి?

ముందు చట్టం సంగతి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ ప్రకారం, ఏ మతం వారి మనోభావాలనైనా కావాలని, దురుద్దేశంతో గాయపరిచేలా వారి మతాన్ని అవమానిస్తే మూడేళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చు. మతం, కులం, భాష పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే 196వ సెక్షన్ ఉంది. ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో చేసినవీ ఇందులోకి వస్తాయి. మిమ్మల్ని కించపరిచినవాళ్లకు ఇది వర్తిస్తుంది. ఎదుటివాళ్ల దేవుళ్లను కించపరిస్తే మీకూ వర్తిస్తుంది. విగ్రహాల మీద జోకులేసే మీమ్ మీ యూత్ గ్రూప్‌లో నవ్వు తెప్పించొచ్చు. అక్కడి నుంచి ఎవరో స్క్రీన్‌షాట్ తీస్తే అది పోలీసు స్టేషన్ దాకా వెళ్లొచ్చు. కేసు నడుస్తున్నప్పుడు పాస్‌పోర్టు, ప్రభుత్వోద్యోగ నియామకంలో పోలీసు విచారణ... అన్నీ ముళ్లే.

అలాగని నోరు మూసుకోవాలనీ లేదు. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. ఫేస్‌బుక్ పోస్టు విషయంలో ఇద్దరు అమ్మాయిలను అరెస్టు చేయడం చూసి, న్యాయశాస్త్ర విద్యార్థిని శ్రేయా సింఘాల్ వేసిన పిటిషన్‌పై వచ్చిన తీర్పు అది. చర్చించడానికి, విభేదించడానికి, మీ నమ్మకం గురించి చెప్పుకోవడానికి రాజ్యాంగం చోటిచ్చింది. తిట్టడానికి కాదు.

చట్టం కన్నా పెద్ద ప్రశ్న మరొకటుంది. అవమానానికి ఎలా జవాబివ్వాలి? పల్నాడు నేల మీదే ఒకాయన చూపించారు. గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. కులం పేరుతో అవమానాలు ఎదుర్కొన్నారు. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథల మీద కవిత్వం రాస్తున్నాడని సొంత మతస్థుల నుంచీ వెలివేత చవిచూశారు. రెండు వైపుల నుంచీ దెబ్బలు! ఇవాళ్టి భాషలో చెప్పాలంటే రెండు వైపుల నుంచీ ట్రోలింగే. ఆయన ఏం చేశారు? ‘గబ్బిలం’ రాశారు. గుడిలోకి రానివ్వని ఒక పేదవాడు, గుడిలోకి స్వేచ్ఛగా వెళ్లగల గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పి పంపుతాడు అందులో. ఎదుటివాళ్ల దేవుణ్ని తిట్టలేదు. ఆ దేవుడి ముందే అన్యాయాన్ని నిలదీశారు. ‘క్రీస్తు చరిత్ర’ కూడా ఆయనే రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన్ను వెలివేసిన వాళ్ల పేర్లు మనకెవరికీ గుర్తులేవు.

అందుకే ఒక నియమం పెట్టుకోండి. కోపంలో టైప్ చేసింది వెంటనే పంపొద్దు. నోట్స్‌లో రాసి దాచండి. తెల్లారి చదవండి. అప్పటికీ పంపాలనిపిస్తే, మీ హిందూ స్నేహితుడో, ముస్లిం స్నేహితురాలో పక్కన కూర్చున్నట్లు ఊహించుకుని ఇంకోసారి చదవండి. వాళ్ల ముందు గట్టిగా చదవలేనిదైతే తీసేయండి.

ఇంకో మాట. ఒకరు చేసినదానికి అందరికీ ముద్ర వేయొద్దు. ఆ ముద్ర ఎంత కాలం ఉంటుందో బాపట్ల పక్కన స్టువర్టుపురాన్ని అడిగితే తెలుస్తుంది. వందేళ్ల కిందట బ్రిటిష్ ప్రభుత్వం ‘నేరస్థ తెగలు’ అని పేరుపెట్టిన కుటుంబాలను అక్కడ ఉంచి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. ఆ చట్టం 1952లోనే రద్దయింది. ఊరి పేరు మీది మచ్చ మాత్రం సినిమాల్లో, జోకుల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ‘వాళ్లంతా ఇంతే’ అని టైప్ చేసే ముందు ఆ ఊళ్లో పుట్టి ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లల్ని తలచుకోండి.

దాడులు జరిగాయంటూ వచ్చే వీడియోలతోనూ జాగ్రత్త. క్రైస్తవుల మీద నిజంగా దాడులు జరిగిన సందర్భాలున్నాయి. వాటి గురించి మాట్లాడాలి కూడా. కానీ పాత వీడియో, వేరే దేశం వీడియో పెట్టి ‘ఇప్పుడే జరిగింది, అందరికీ పంపండి’ అంటే మంట పెట్టినట్టే. ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. తేదీ, ఊరు, ఏదైనా పత్రికలో వచ్చిందా అన్నవి చూడండి. దొరక్కపోతే ఫార్వర్డ్ చేయకండి. అబద్ధ సాక్ష్యం పలకొద్దన్నది పది ఆజ్ఞల్లో ఒకటి. ఫార్వర్డ్ బటన్‌కు అందులో మినహాయింపు లేదు.

ట్యాగ్ చేసే ముందు... ఒక మౌనం గురించి

ఇది ఇబ్బందికరమైన విషయం. అందుకే యూత్ మీటింగుల్లో పెద్దగా మాట్లాడరు. కానీ మీ జీవితాన్ని నేరుగా తాకుతుంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు, వాళ్ల సంతానం బీసీ-సి కిందికి వస్తారు. ఎస్సీ రిజర్వేషన్ 15 శాతం. బీసీ-సికి 1 శాతం. మతం మారినంత మాత్రాన అంటరానితనం పోదని, హోదా ఇవ్వాలని దళిత క్రైస్తవులు దశాబ్దాలుగా అడుగుతున్నారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ హోదాను మతంతో ముడిపెట్టొద్దని సిఫార్సు చేసింది. 2022లో ఈ అంశంపైనే జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

ఈలోగా కోర్టులు ఏం చెప్పాయో తెలుసుకోండి. బాప్తిస్మం తీసుకుని, చర్చికి వెళుతూ, ఉద్యోగం కోసం మాత్రం హిందువునని ఎస్సీ ధ్రువపత్రం అడగడం కుదరదని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పిచ్చింది. క్రైస్తవంలోకి మారి పాస్టర్‌గా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఆ కేసు గుంటూరు జిల్లాదే. తప్పుడు కుల ధ్రువపత్రంతో వచ్చిన ఉద్యోగాన్ని సర్వీసు కారణంగా కాపాడలేమని 2017లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకో మతం. ఈ చీలికను మోస్తున్న యువత ఎందరో. దీన్ని వాళ్లు తయారు చేసుకోలేదు. స్కూల్లో చేర్చేటప్పుడు పెద్దవాళ్లు రాయించిన ఒక్క పదం చాలాసార్లు కారణం. వాళ్లను ‘దొంగ విశ్వాసులు’ అనో, ‘రిజర్వేషన్ దొంగలు’ అనో కామెంట్ పెట్టడం చాలా తేలిక. వాళ్ల తిండి, ఫీజు, ఇంటి పరిస్థితి మీకు తెలుసా?

మీరే ఆ స్థితిలో ఉంటే, అకౌంట్‌ను ప్రైవేటుగా మార్చుకోవడం పరిష్కారం అనుకోవద్దు. అకౌంట్‌ను దాచొచ్చు. బతుకును దాచలేం. నోటిఫికేషన్ పడి, దరఖాస్తు గడువు ముంచుకొచ్చే దాకా ఆగకుండా, అమ్మానాన్నలతో ఒకరోజు కూర్చుని మాట్లాడండి. తెలిసిన న్యాయవాదిని అడగండి. ఏ నిర్ణయమైనా తెలిసి తీసుకోండి.

స్నేహితుల విషయంలో మాత్రం ఒకే సూత్రం: వాళ్ల విశ్వాసాన్ని వాళ్లే ప్రకటించాలి. బాప్తిస్మం ఫొటోలో, కూటం ఫొటోలో అడగకుండా ఎవర్నీ ట్యాగ్ చేయొద్దు. ఇంట్లో ఇంకా చెప్పుకోలేని అమ్మాయి ఉండొచ్చు. ఆ ఒక్క ఫొటోతో ఆమె చదువు ఆగిపోవచ్చు. మీ ఆనందం ఆమెకు శిక్ష కాకూడదు.

‘బ్రదర్’ అన్నవాళ్లంతా బ్రదర్స్ కాదు

విశ్వాసం ఉన్నచోట నమ్మకం ఉంటుంది. మోసగాళ్లకు కావాల్సిందీ అదే. పాస్టర్‌గారి ఫొటోతో కొత్త అకౌంట్. ‘అర్జెంటుగా పదివేలు పంపమ్మా’ అని మెసేజ్. అయ్యగారికి ఫోన్ చేసి గొంతు విన్నాకే నమ్మండి. విదేశీ ‘సిస్టర్’ పరిచయమై, నెల రోజులు వాక్యాలు పంపి, మీ సేవకు బహుమతి పార్శిల్ పంపానంటుంది. రెండ్రోజులకు కస్టమ్స్ నుంచంటూ ఫోన్: ఫీజు కట్టాలని. అది పాత వల. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక మాట. ప్రార్థన మనవి పేరుతో అర్ధరాత్రి మెసేజులు, ఫొటోలు అడగడం, ‘ఇది మనిద్దరి మధ్యే ఉండాలి’ అనడం... ఎదుటివాడు ఎంత పెద్ద పేరున్న నాయకుడైనా సరే, అది ఆత్మీయత కాదు. స్క్రీన్‌షాట్ తీయండి. నమ్మకమున్న పెద్దవాళ్లకు చూపించండి. ‘సంఘం పరువు పోతుంది’ అని ఎవరన్నా ఆగొద్దు. పరువు తీసింది మెసేజ్ పంపినవాడు, మీరు కాదు.

చర్చి మీడియా టీమ్... రెజ్యూమెలో ఒక లైన్

2020 లాక్‌డౌన్‌లో గుళ్లు, మసీదులతోపాటు చర్చిల తలుపులూ మూతపడ్డాయి. అప్పటిదాకా సెల్‌ఫోన్ వద్దన్న పెద్దలే ‘బాబూ, లైవ్ పెట్టగలవా?’ అని యువతను అడిగారు. అలా మొదలైన పని ఇప్పుడు చాలాచోట్ల పూర్తిస్థాయి మీడియా టీమ్ అయింది. అక్కడ మీరు చేస్తున్నది సేవే. దాంతోపాటు బయట జీతమిచ్చే పని కూడా.

ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియోతో రెండు, మూడు కెమెరాల లైవ్ నడపడం, డావిన్చీ రిసాల్వ్ ఉచిత వెర్షన్‌లో ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్, యూనికోడ్‌లో తెలుగు టైపింగ్, సబ్‌టైటిల్స్... ఇవన్నీ ఈవెంట్ సంస్థలు, యూట్యూబ్ చానళ్లు, విద్యాసంస్థలు వెతికే నైపుణ్యాలు. రెజ్యూమెలో ‘చర్చిలో వాలంటీర్’ అని వదిలేయకండి. ‘ఏడాది పాటు ప్రతి ఆదివారం రెండు గంటల ప్రత్యక్ష ప్రసారం, నలుగురి బృందం’ అని మీరు చేసిన పనిని లెక్కలతో రాయండి. పని నాణ్యత చూసేవాళ్లకు మతం అడ్డు కాదు. అడ్డనుకునే చోటు మీకు తగిన చోటు కాదు.

ఇక్కడే కాపీరైట్ కూడా నేర్చుకోండి. మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్ల వరకు రచన మీద హక్కులుంటాయి. 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి వంటివారి పాత కీర్తనలకు ఆ గడువు ఎప్పుడో దాటింది. మీరే పాడి, మీరే వాయించి పెట్టుకోవచ్చు. కానీ నిన్నమొన్న వచ్చిన పాట, లేదా పాత కీర్తనకే ఇంకొకరు చేసిన రికార్డింగ్ అలా కాదు. అడిగి వాడాలి. దేవుడి పాటే కదా అని తీసుకుంటే, రాసినవాళ్ల కష్టాన్ని అడక్కుండా తీసుకున్నట్టే.

వేట ఆపే రోజులు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో వాడరేవుకు వెళ్లి చూడండి. పడవలు ఒడ్డున ఉంటాయి. వలలు పరిచి చిరుగులు కుడుతుంటారు. పడవలకు రంగులేస్తుంటారు. రోజూ వేటే అయితే సముద్రమూ మిగలదు, వలా మిగలదు.

మన ఫోన్‌కూ అలాంటి రోజులు కావాలి. శ్రమల దినాల్లో, అంటే ఈస్టర్‌కు ముందు నలభై రోజుల్లో, మాంసం మానేసేవాళ్లున్నారు. రీల్స్ మానేసి చూడండి. నలభై రోజులు కష్టమైతే వారానికి ఒక పూట. ఆదివారం ఆరాధన జరిగే రెండు గంటలు ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లండి. బైబిల్ యాప్ ఉందంటారా? అందులోనే ఇన్‌స్టా నోటిఫికేషన్ కూడా ఉంది. అటకెక్కిన కాగితం బైబిల్ కిందికి దించండి.

చివరగా ఒక చిన్న పని. ఇప్పుడే చేయొచ్చు. మీ అకౌంట్ తెరిచి చివరి పది కామెంట్లు చదవండి. పోస్టులు కాదు, కామెంట్లు. పోస్టు ఆలోచించి పెడతాం. కామెంట్‌లో మనం ఉన్నట్టు ఉంటాం. మీ పేరు తెలియని మనిషి ఆ పది మాత్రమే చదివితే, మిమ్మల్ని ఎవరనుకుంటాడు? తీసేయాల్సినవి తీసేయండి. క్షమాపణ చెప్పాల్సినచోట చెప్పండి.

ఆ తర్వాత రాత్రి మెసేజ్ పెట్టిన స్నేహితుడికి జవాబు రాయండి. ‘రెండూ నేనే రా. రెండోది తప్పు. తీసేశా. వాడికి సారీ చెప్పా’ అని. ఆ స్నేహితుడు మీ గురించి పదేళ్ల తర్వాత కూడా గుర్తుంచుకునేది సూర్యోదయం ఫొటో మీద వాక్యాన్ని కాకపోవచ్చు. ఈ మూడు ముక్కల మెసేజ్‌నే కావొచ్చు.